మనింటి ఆడపడుచు

ధనశ్రీకీ చైతన్యకీ పరిచయం తగాదాతోనే మొదలైంది. ‘నోరున్న ఆడాళ్ళు’ అనే ఆన్‌లైన్ గ్రూప్‌కి ధనశ్రీ అడ్మిన్. మొగుళ్ళ మీద మీమ్స్ వేసుకుంటూ, స్త్రీవాదం గురించి పోట్లాడుకుంటూ కాలక్షేపం చేసే గ్రూప్ అది. చైతన్య పెట్టిన మీమ్‌ని ధనశ్రీ డిలీట్ చేసింది. తిట్టుకోగా తిట్టుకోగా ఇద్దరిదీ యానామేనని తేలింది. ఆమెది ఫరంపేట, చైతన్యది అడవిపొలం. ఇక సాయంత్రాలన్నీ గోదావరి గట్టు మీదే.

ఒకరోజు గట్టు మీద చైతన్య మెల్లగా చెప్పాడు. “పుట్టినప్పట్నుంచీ అందరూ నన్ను అమ్మాయి అనుకుంటున్నారు. నేను మగాణ్ణి.”

“సరేలే, బజ్జీ చల్లారిపోతంది, తిను,” అంది ధనశ్రీ. అప్పటికే అతనంటే ఆమెకి చచ్చేంత ఇష్టం.

తరవాత అదే మాట గ్రూప్‌లో రాశాడు. గ్రూప్ అట్టుడికిపోయింది.

“మగాళ్ళకి ప్రవేశం లేదని రూల్ ఉందా, లేదా?” అంది సాయిలక్ష్మి.

“ఆడపుటక పుట్టాక ఆడదే. ఉండనీండి,” అంది తెరేసా.

ట్రాన్స్ మనుషుల గురించి స్త్రీవాదం ఏమనాలో ఎవరికి తోచిన వ్యాసం వాళ్ళు రాసేశారు. ఆ పూట చాలా ఇళ్ళలో కూరలు మాడాయి.

గ్రూప్‌లోంచి పంపేస్తే చైతన్య తనకి దూరమైపోతాడని ధనశ్రీకి బెంగ. ఆ తొందరలో తెరేసా పక్షం చేరి, ‘చైతన్య మనింటి ఆడపడుచు. తనని ఎవరూ బయటికి పంపరు’ అని పోస్ట్ పెట్టింది. లైకులు కురిశాయి. చైతన్య మాత్రం ఫోన్ ఎత్తడం మానేశాడు.

మర్నాడు వానలో గొడుగేసుకుని వెళ్తే, గట్టు పక్క టీ బడ్డీ చూరు కింద దొరికాడు.

“మాటాడవేంటి? నీకోసం అందరితో పోట్లాడాను, తెల్సా?”

“పోట్లాడి ఆడపడుచుని చేశావు. సాయిలక్ష్మిగారు నయం. మగాడివి, బయటికి పొమ్మన్నారు. ఆవిడంటే తెగ అభిమానం వచ్చేసింది నాకు.”

ధనశ్రీకి నవ్వు రాలేదు, ఏడుపొచ్చింది. తను చేసింది అప్పుడు అర్థమైంది. ఫోన్ తీసి, కాసేపు తటపటాయించి, నొక్కేసింది. చైతన్య ఫోన్ మోగింది. ‘మిమ్మల్ని గ్రూప్ నుంచి తొలగించారు. కారణం: మగవాడు.’

అతను మళ్ళీ మళ్ళీ చదువుకున్నాడు. “స్క్రీన్‌షాట్ తీసుకోనా?”

“ఫ్రేమ్ కట్టించుకో.” ధనశ్రీ కళ్ళు తుడుచుకుంది. “ఆడపడుచని రాశాను గానీ నిన్నెప్పుడూ అలా చూళ్ళేదు. నువ్వంటే నాకు ఇష్టం.”

చైతన్య ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. “నాక్కూడా. ముందే చెప్పొచ్చుగా?”

“అడ్మిన్లు మెంబర్లని ప్రేమించకూడదు. రూల్.”

“ఎప్పుడు పెట్టారు?”

“ఇప్పుడే.”

“నేను మెంబర్ని కాదుగా,” అంటూ చైతన్య ఆమె గొడుగులోకి జరిగాడు.