ఏడో గదిలో ఒకరు

మధ్యాహ్నం రెండు దాటింది. స్వీడన్ ఉత్తరపు కొసన ఉన్న ఆ ఇనుప గని ఊరికి సూర్యుడు రాక నెలయింది. కిటికీ బయట మంచు, చీకటి. కంట్రోల్ రూములో గున్‌వోర్ మూడోసారి వేడిచేసిన కాఫీ తాగుతూ తెర మీదున్న అంకెను చూస్తోంది. తొమ్మిది రోజులుగా అదే అంకె. ఒకటి.

గనిలో ఎనిమిది వందల మీటర్ల లోతున, పొగ కమ్మితే మనుషులు తలదాచుకోవడానికి గదులున్నాయి. లోపల మనిషి ఉన్నంతసేపూ గాలి వస్తుంది. ఆ సంగతి చూసుకునేది యంత్రంలో అన్నిటికంటే అడుగున నడిచే ప్రోగ్రాం, కెర్నెల్. ఒకరు లోపలికెళ్తే లెక్క ఒకటి పెరుగుతుంది, బయటికొస్తే ఒకటి తగ్గుతుంది. సున్నా అయితే గాలి ఆగిపోతుంది, లోపల మిగిలినదాన్ని పంపు బయటికి తోడేస్తుంది, తలుపు బిగుసుకుంటుంది; ఇక బయటినుంచే తెరవాలి. ఆ కోడ్ రాసింది గున్‌వోరే. ఇప్పుడు ఏడో గదిలో ఎవరూ లేరు, లెక్క మాత్రం ఒకటి దగ్గర బైఠాయించింది. గాలి సిలిండర్లు ఊరికే ఖాళీ అవుతున్నాయి. కోడంతా జల్లెడ పట్టింది. పెరిగిన ప్రతిచోటా తగ్గుతూనే ఉంది. తప్పు దొరకలేదు, నిద్ర మాత్రం పోయింది.

చివరికి ఎలక్ట్రీషియన్ టోర్కెల్‌ను కిందికి పంపింది.

"ఎవరూ లేరమ్మా తల్లీ," అన్నాడు రేడియోలో. "రెండు బెంచీలు, ఒక బకెట్టు. నీ దెయ్యం సెలవు పెట్టినట్టుంది."

"ఇక్కడ ఇద్దరని చూపిస్తోంది."

"నేనొకణ్ణి, నా పొట్ట ఒకటి. సరిపోయిందిగా!"

"నవ్వే ఓపిక లేదు టోర్కెల్. బయటికొచ్చి చెప్పు. చేత్తో సున్నా చేసేస్తా."

చేత్తో లెక్క దించడానికి ఒక నియమం ఉంది. ముందు తాళం పట్టుకోవాలి, అంటే లెక్క కదలకుండా బిగించాలి, ఆ తర్వాతే లెక్క చూడాలి. చూడటానికీ మూయడానికీ మధ్య రెప్పపాటు సందు దొరికితే చాలు, ఎవరో ఒకరు దూరిపోవచ్చు. పదిహేనేళ్ళుగా అందరికీ ఈ మాట నూరిపోసింది తనే. కానీ తాళం పట్టాలంటే ఆ అంతస్తులో తలుపులన్నీ ఆపాలి, ఫోర్‌మన్‌ను బతిమాలాలి, కాగితాలు నింపాలి. గున్‌వోర్‌కు ఇంటికెళ్ళి పడుకోవాలని ఉంది, అంతే.

తెర మీద రెండు ఒకటయింది. రేడియో గరగరలాడింది.

"బయటికొచ్చాను," అంది టోర్కెల్ గొంతు.

ఆమె తాళం పట్టకుండానే మీట నొక్కింది. సున్నా. హమ్మయ్య అనుకుని కళ్ళు మూసుకుంది.

ఫోను మోగింది. ఏడో గది లోపల గోడకున్న ఫోను.

"గున్‌వోర్... గాలెందుకు ఆపేశావ్?"

ఆమె కళ్ళు తెరిచి తెర వైపు చూసింది. సున్నా.

"నువ్వు... బయట ఉన్నావుగా?"

"బయటేంటి? సిలిండర్ల మీటరు చూస్తున్నా. దీపం పోయింది. తలుపు రావట్లేదు."

"ఇప్పుడేగా రేడియోలో చెప్పావ్!"

"రేడియో బెంచీ మీద పెట్టా..." తడుముతున్న చప్పుడు. చాలాసేపు. "ఇక్కడ లేదు."

గున్‌వోర్ లెక్కను మళ్ళీ ఒకటి చేయబోయింది. యంత్రం ఒప్పుకోలేదు. చేత్తో సున్నా చేసినదాన్ని మళ్ళీ చేత్తో పెంచనివ్వకూడదన్నది ఆమె పెట్టిన నియమమే. ఇక యంత్రాన్నే ఆపి మళ్ళీ లేపాలి. అలా లేచినప్పుడు అది ప్రతి గదిలోనూ ఒకరున్నారనే అనుకుని గాలి వదులుతుంది. దానికి నాలుగు నిమిషాలు. ఆమె ఆ మీట నొక్కింది.

"మాట్లాడకు. కూర్చో. ఊపిరి మెల్లగా తీసుకో."

ఫోనులో అతని ఊపిరి వినిపిస్తోంది. ఒక నిమిషం. రెండు.

"తడి ఇనుము వాసన..." గుసగుసలాడాడు. "ఇక్కడ ఇన్నాళ్ళూ ఎవరో కూర్చున్నట్టుంది గున్‌వోర్... బెంచీ వెచ్చగా ఉంది."

మూడు. నాలుగు... బుస్సుమని గాలి వచ్చింది. టోర్కెల్ దగ్గుతూ ఏడ్చాడు. గున్‌వోర్ కూడా ఏడ్చింది. తన బద్ధకం ఒక మనిషిని చంపబోయిందని ఆమెకు తెలుసు.

"నాదే తప్పు. పైకి వచ్చెయ్, ఇద్దరం ఇంటికి పోదాం."

అప్పుడు పక్క తెర మీద లిఫ్టు దీపం వెలిగింది. పైకి వస్తోంది. లోపల ఒకరు.

"లిఫ్టెక్కేశావా?"

"నేనింకా తలుపే తీయలేదు."

లిఫ్టు గంట మోగింది. ఇనుప జాలీ తెరుచుకుంది. వరండాలో తడి బూట్ల చప్పుడు... మెల్లగా... చాలా అలసిపోయిన మనిషి నడకలా. ఆగింది.

గున్‌వోర్ తలుపు దగ్గరికి పరిగెత్తింది. అద్దంలోంచి చూసింది. వరండా ఖాళీ. గడియ వేసింది. వీపు తలుపుకు ఆనించి తెర వైపు తిరిగింది.

కంట్రోల్ రూము తలుపుకు కూడా ఆమె కోడే లెక్క పెడుతుంది.

కంట్రోల్ రూము: ఇద్దరు.