ముందు వెలిగిన ఎర్ర లైటు

హెప్సిబా నడుం దాకా బురదలో దిగబడింది. సముద్రం పోటు మొదలైంది. మేం ఎవరి వెనకాల వచ్చామో ఆ మనిషి అక్కడ లేడు. జరిగింది ఇదీ.

మొదలు మాత్రం మామూలుగానే ఉంది. హెప్సిబా మా ఆయన చెల్లెలు. నలభై దాటాక మా ఇద్దరికీ సైకిల్ పిచ్చి పట్టింది. ఆ జనవరి ఆదివారం కారుకి సైకిళ్లు కట్టుకుని విజయవాడలో బయల్దేరి, ఉయ్యూరులో టీ తాగి, తెల్లారేసరికి నాగాయలంక చేరాం. అక్కడి నుంచి సముద్రం వైపు దారి. ముందు రొయ్యల చెరువుల గట్లు, తర్వాత నిలువెత్తు జమ్ము గడ్డి, ఆపైన ఉప్పు బురదనేలలు, చివర మడ అడవి. వీలైనచోట తొక్కడం, వీలుకానిచోట సైకిల్ నెట్టుకుంటూ నడవడం.

దారి చూపేది ఫిలిప్. కంకిపాడులో సైకిల్ షాపు అతనిది. మంచు పట్టిందంటే మాకు ఒకటే పద్ధతి. ముందు సైకిల్ వెనక లైటు మీదే చూపు పెట్టాలి, అది ఎటు తిరిగితే అటు తిరగాలి.

"మా అన్నయ్య మాట ఏనాడైనా ఇంత బుద్ధిగా విన్నావా వదినా?" అంది హెప్సిబా.

"మీ అన్నయ్యకి లైటు లేదుగా."

జమ్ము దాటాక మంచు గోడలా దిగింది. రొయ్యల మేత వాసన పోయి, కుళ్లిన ఆకుల వాసన మొదలైంది. కొంగల అరుపులు ఆగిపోయాయి. చక్రాల కింద బురద పీల్చే చప్పుడు తప్ప ఏమీ లేదు. ముందున్న ఎర్ర లైటు ఆరుతూ వెలుగుతూ ఎడమకి తిరిగింది. హెప్సిబా తిరిగింది. వెనకే నేనూ.

నేల మెత్తబడింది. దిగి నడిచాం. లైటు కూడా నెమ్మదించింది. మేం ఆగితే అదీ ఆగింది.

నా ఫోన్ మోగింది. ఫిలిప్.

"మేడమ్, ఎక్కడున్నారండీ? కట్ట చివర నిలబడి ఇందాకట్నుంచి చూస్తున్నా."

"నీ వెనకాలే ఉన్నాం. నీ లైటు కనబడుతోంది."



"నా లైటు జమ్ములోనే ఆరిపోయిందండీ, ఛార్జింగ్ అయిపోయి... మీరు అక్కడి నుంచి కదలకండి."

అప్పటికే హెప్సిబా ఇంకో అడుగు వేసింది.

మోకాళ్లు. తొడలు. నడుం. అంతే, అక్కడ ఆగింది. నా బూట్లలోకి చల్లగా నీళ్లొచ్చాయి.

"వదినా..." లైటు వైపు చెయ్యి చూపించింది. "అది దగ్గరికొస్తోంది."

నిజమే. చప్పుడు లేదు... సైకిల్ లేదు... లైటు ఒక్కటే. దానితోపాటు ఎన్నాళ్లో నీళ్లలో నానిన బట్టల వాసన.

"రండి... ఇక్కడ గట్టిగానే ఉంది..."

ఆడగొంతో మగగొంతో తెలియలేదు. ఫిలిప్‌ది మాత్రం కాదు.

భయం వేసింది. అంతకంటే ఎక్కువగా ఒళ్లు మండింది. సైకిల్‌ని బురద మీద పడుకోబెట్టి, దాని మీద బోర్లా పడుకుని, హెప్సిబా చంకల కింద చేతులు దూర్చాను.

"రండి..."

"గట్టిగా ఉంటే నువ్వే ఉండు," అన్నాను. "దీన్ని మాత్రం ఇవ్వను."

లాగాను. నీళ్లు హెప్సిబా గుండెల దాకా వచ్చాయి. లైటు నా ఎడమ చెంప పక్కకొచ్చి ఆగింది. చెవిలో ఎవరిదో ఊపిరి... చల్లటి ఊపిరి. అటు తిరగలేదు. లాగాను. మళ్లీ లాగాను.

బురద వదిలింది.

సైకిళ్లు అక్కడే వదిలేసి, మా చక్రాల జాడ పట్టుకుని పాక్కుంటూ వెనక్కి వచ్చాం, ఫిలిప్ కేకలు వినబడేదాకా.

ఇంక సైకిల్ ముట్టనని బైబిలు మీద ప్రమాణం చెయ్యమన్నారు మా ఆయన. చెయ్యలేదు. కొత్త సైకిళ్లు కొన్నాం. అదే దారిలో వెళ్తున్నాం, ఇప్పటికీ. మార్చింది ఒక్కటే. ఒకరి వెనక ఒకరం వెళ్లం. మేమిద్దరం పక్కపక్కనే తొక్కుతాం, హెప్సిబా నాకు కుడివైపు.

మంచు పట్టిన రోజున వెనకాల వచ్చేవాళ్లు విసుక్కుంటారు. "ముగ్గురూ అలా అడ్డంగా తొక్కితే మేమెలా వెళ్లాలండీ?"

ఎడమవైపు చూడకూడదని నిర్ణయించుకున్నాను. ఇంతవరకు చూడలేదు. దానికి దారి కూడా ఇవ్వలేదు.