ఊపిరి బిగబట్టిన గొట్టం

2093 నాటికి సగం కాకినాడ పడవల మీదే కాపురం ఉంటోంది. ఊళ్ళోకొచ్చిన సముద్రానికి వెనక్కి పోయే ఆలోచన కనపడలేదు. అంగారకుడి మీద వంకాయలు కాస్తున్న రోజులు. కానీ పడవ మరుగుదొడ్డి ట్యాంకు కంపు మాత్రం మనిషికి లొంగలేదు. నూకరత్నం పడవ మీదుగా ఎగిరే కొంగలు ఊపిరి బిగబట్టుకుని దాటేవి. మరిచిపోయినవి డెక్ మీద పడేవి.

నూకరత్నం శాస్త్రవేత్త. ఆ కంపు మీద కక్షతోనే ‘ఊపిరిగొట్టం’ అనే స్మార్ట్ వెంట్ తయారుచేసింది. సూత్రం సులువు. ట్యాంకులోకి గాలి ఆడితే ఆక్సిజన్‌తో బతికే సూక్ష్మజీవులు మలాన్ని వాసన లేకుండా తినేస్తాయి. గాలి ఆగితే ఇంకో జాతి నిద్రలేచి కుళ్ళిన గుడ్ల కంపు పుట్టిస్తుంది. అందుకే గొట్టంలో ఫ్యాను పెట్టింది. మాట్లాడే గొంతూ, ఇంట్లోవాళ్ళను చూసి పద్ధతులు నేర్చుకునే బుద్ధీ పెట్టింది.

అయినా కంపు పోలేదు.

“గాలాడట్లేదండి. నోట్లో గుడ్డుందండి,” అంది గొట్టం.

రత్నం లాగితే అత్తగారి పాత జాకెట్టు వచ్చింది.

“మళ్ళీ కుక్కారా అత్తయ్యా?”

“కుక్కక? కంపొచ్చే కన్నం ఎవరైనా తెరిచి పెట్టుకుంటారా?” అంది పేరిందేవి.

“మూస్తేనే కంపు అత్తయ్యా. చెప్పలేక చస్తున్నాను. రేపు రేవు ఇన్‌స్పెక్టరొస్తాడు. వాసనొస్తే మన లంగరు చోటు పీకేసి నడిసముద్రంలోకి తోలేస్తారు. గ్లాసులో నీళ్ళు కదిలితేనే మీకు వాంతులు.”

రత్నం పళ్ళు కొరుక్కుంటూ గొట్టం మూతికి ఇనుప జాలీ బిగించింది. సాయంత్రానికి కంపు మాయమైంది. పేరిందేవి తన ముక్కు పోయిందనుకుని ఆవిరి పట్టుకుంది.

అంతలో పక్క పడవ సత్యవేణి కాఫీకొచ్చింది. ఎవరొచ్చినా చేసినట్టే రత్నం వంగి గొట్టంతో గుసగుసలాడింది.

“కాసేపు ఊపిరి బిగబట్టు. మనుషులొచ్చారు. నీ ఫ్యాను గురక వింటే ఏమనుకుంటారు?”

“ఆయ్,” అని ఫ్యాను ఆపేసి, మూత వేసుకుంది గొట్టం.

సత్యవేణి వెళ్ళాక మళ్ళీ తెరిపించింది.

మర్నాడు ఇన్‌స్పెక్టరొచ్చాడు. ముక్కు ఎగబీల్చి, “బ్రహ్మాండం” అన్నాడు. పూతరేకులు తిన్నాడు. తన మోకాలి ఆపరేషన్ గురించి మొదలుపెట్టి మధ్యాహ్నం భోజనం దాకా చెప్పాడు. చివరికి, “పద్ధతి ప్రకారం ఒక్కసారి నొక్కాలండి,” అంటూ మరుగుదొడ్డిలోకెళ్ళి ఫ్లష్ నొక్కాడు.

కిందికి వెళ్ళాల్సిందంతా పైకొచ్చింది.

ఆయన కళ్ళు తుడుచుకుని, నెమ్మదిగా బయటికొచ్చి, లంగరు తాడు విప్పమని తన మనుషులకు సైగ చేశాడు.

“నేను కుక్కలేదమ్మాయ్,” అంది పేరిందేవి, బకెట్టు ఒళ్ళో పెట్టుకుని.

రత్నం గొట్టం దగ్గర కూలబడింది. జాలీ శుభ్రంగా ఉంది. లోపల మూత బిగుసుకుని ఉంది. పొద్దుట్నుంచీ బయటికి దారిలేక ట్యాంకులో నిండిన గ్యాసే అంతా పైకి తన్నింది.

“ఎవరు మూయమన్నారే నిన్ను?”

“మనుషులొచ్చారు కదండీ. మీరు చెప్పకుండానే బిగబట్టాను.”

“ఇప్పుడన్నా వదులు.”

“ఆయనింకా ఇక్కడే ఉన్నారండి,” అంది గొట్టం గుసగుసగా. “బాగోదు.”