నాలుగింటి ఆనందం

2068లో సికింద్రాబాద్ కంటోన్మెంటు బజారులో ఎవరైనా సొరకాయ బేరమాడుతూ ఉన్నట్టుండి ఫక్కున నవ్వితే బండివాడు వింతగా చూడటం మానేశాడు. 'మీ సారుకు ఏదో నవ్వొచ్చినట్టుందమ్మా' అని కాయ సంచిలో వేసేవాడు. ఆ సారు ఏ నడిసముద్రంలోనో ఓడ మీద ఉంటాడు. అయినా అతని సంతోషం ఇక్కడ ఆవిడ మణికట్టు మీద వచ్చి వాలేది.

ఆ వింత వస్తువు పేరు మనసుపట్టీ. రెండు వందల సైనిక జంటల మీద ప్రయోగం నడుస్తోంది. వాళ్లందరిలోకీ చిన్న జంట మేఘనాథ్, హిమజ. అతను సైన్యం గుర్రాలశాలలో పశువైద్యుడు. ఆమె ఇంజనీర్ల దళంలో కెప్టెన్, నేలలో పాతిన మందుపాతరలు వెతికి తీయడం ఆమె పని. పెళ్లయి పదకొండు నెలలైంది. ఇంకో పది రోజుల్లో ఆమె శాంతిదళంతో ఆఫ్రికా వెళ్తోంది, ఆరు నెలలకు.

"మనిషి నోరు అబద్ధమాడుతుంది, మొహం అబద్ధమాడుతుంది. చెమట ఆడదండీ" అంది పట్టీని కనిపెట్టిన డాక్టర్ యామిని. గుంటూరు మనిషి, ఏ సంగతైనా చెయ్యి తిప్పుతూ చెబుతుంది. "భుజం మీద అంటించే ఈ బిళ్ల మీ చెమటలో రసాయనాలను చదువుతుంది. భయపడితే కార్టిసాల్. దాన్ని భయరసం అందాం. ప్రేమ పొంగితే ఆక్సిటోసిన్, మమకారరసం. ఆ సంగతి ఉపగ్రహం మీదుగా రెండోవారి పట్టీకి చేరుతుంది. పట్టీ నాడిలోకి సన్నటి కరెంటు పంపి అదే భావం పుట్టిస్తుంది. అంతా పావు సెకనులో."

"అంటే నాకు భయమైతే?" అడిగాడు మేఘనాథ్.

"ఆవిడకీ అవుతుంది. బిళ్ల మాత్రం తీయకూడదు. పది నిమిషాలు ఒంటిని వదిలితే అవతల అలారం మోగుతుంది." ఆవిడ తన మణికట్టు మురిపెంగా చూపించింది. "మొదటి జత మాదే. మావారు లద్దాఖ్‌లో కల్నల్. ఇంట్లో ఉంటే కాఫీలో పంచదార తగ్గిందని ఎగిరిపడే మనిషి. ఆ కొండెక్కాక నాలుగేళ్లలో ఒక్కరోజు కోపం రాలేదు. నమ్ముతారా?"

ఇద్దరూ నమ్మారు. వాళ్లకప్పుడు నమ్మలేనిది ఏదీ లేదు. వారం రోజులు చిన్నపిల్లలైపోయారు. హిమజ వంటింట్లో వేడి వేడి మిరపకాయ బజ్జీ కొరికితే బొల్లారం శాలలో గుర్రానికి సూదివేస్తున్న మేఘనాథ్‌కు హుషారు పుట్టుకొచ్చేది. బజారు గుంపులో కళ్లు మూసుకుని నిలబడి, ఆమె ఆత్రం దగ్గరవుతున్న కొద్దీ తన గుండె ఎగరడాన్ని బట్టి, ఆమె ఎటునుంచి వస్తోందో చెప్పేసేవాడు. ఇంత సంతోషం మనిషి తట్టుకోలేడని ఒకరోజు నిజంగానే అనుకున్నాడు.

ఎనిమిదో రోజు ఆమె సాధన చూడటానికి మైదానానికి వెళ్లాడు. హిమజ బోర్లా పడుకుని ఉత్తుత్తి పాతరలో తీగను సన్నటి పట్టకారుతో పట్టుకుంది. కంచె అవతల నిలబడిన మేఘనాథ్‌కు ఒక్కసారి ఒళ్లు చల్లబడింది. ఇదే నిజం పాతరైతే అనుకున్నాడు, అంతే. ఆమె చెయ్యి వణికింది. తీగ జారి బజర్ మోగింది.

"నా చెయ్యే జారింది, నీదేం లేదు" అంది హిమజ మట్టి దులుపుకుంటూ.

"నా భయమే నిన్ను తాకింది."

"అట్లేం లేదని చెప్తున్న కదా. పా, ఆకలైతుంది."

ఆ రాత్రి అతనికి ముద్ద దిగలేదు. భయపడొద్దని మనసుకు చెప్పి చూశాడు. చెప్పేకొద్దీ భయం పెరిగింది. ఇక్కడ తను ఉలిక్కిపడితే అక్కడ ఆమె ప్రాణం పోతుంది. బిళ్ల తీస్తే అలారం మోగి ఆమె ఇంకా కంగారుపడుతుంది. అప్పుడు గుర్రాలశాలలో చివరి కొట్టంలో ఉండే దొరబాబు గుర్తొచ్చాడు.

దొరబాబు ఇరవై రెండేళ్ల కవాతు గుర్రం. ఫిరంగులు పేలుతున్నా కన్నార్పకుండా నిలబడ్డ చరిత్ర అతనిది. లోకంలో దేనికీ తొందరపడడు. గుర్రానికీ మనిషిలాగే ఒళ్లంతా చెమట పడుతుంది, రసాలూ అవే. హిమజ విమానం ఎగిరిన అరగంటకు మేఘనాథ్ తన భుజం మీది బిళ్ల ఊడదీసి, దొరబాబు మెడ మీద జూలు కింద అంటించాడు. భావాలు అందుకునే పట్టీ మాత్రం తన చేతికే ఉంచుకున్నాడు. మొగుడినన్న హోదా గుర్రానికి అప్పగించినందుకు కొంచెం సిగ్గేసింది కూడా.

ఇక హిమజ నుంచి వచ్చింది చూడాలి. భయం ఊసే లేదు. పొద్దంతా నిండుకుండలాంటి నెమ్మది. సాయంత్రం నాలుగు కాగానే మాత్రం ఒక్కసారి ఆనందం పొంగేది. గెంతాలనిపించేంత, ఎవరినైనా వాటేసుకోవాలనిపించేంత ఆనందం. అక్కడ అప్పుడు మధ్యాహ్నం ఒంటిగంటన్నర. పనాపి తనను తలుచుకునే వేళ అదేనని మేఘనాథ్ తేల్చేసుకున్నాడు. మూడున్నరకే చేతిలో పనులు వదిలేసి, తల దువ్వుకుని, వేపచెట్టు కింద బెంచీ మీద సిద్ధంగా కూర్చునేవాడు.

మూడో నెలలో ఒక మధ్యాహ్నం వార్త వచ్చింది. ఆమె దళం పనిచేసే చోట పాతర పేలింది, ఇద్దరికి గాయాలు, పేర్లు తెలియవు. ఫోన్ కలవలేదు. మేఘనాథ్ పట్టీని గుండెకు అదుముకున్నాడు. నెమ్మదిగానే ఉంది. నాలుగు కొట్టగానే ఎప్పటి ఆనందమే పొంగింది. బతికే ఉంది, సంతోషంగా ఉంది. బెంచీ మీద కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చి, తర్వాత నాలుగు ఇడ్లీలు తిన్నాడు.

ఆరు నెలలకు హిమజ తిరిగొచ్చింది. చిక్కింది, ఎండకు నల్లబడింది. మర్నాడే డాక్టర్ యామిని ఇద్దరినీ పిలిపించింది. రెండు వందల జంటల్లో వీళ్ల గ్రాఫే అద్భుతం. ఆరు నెలల్లో ఒక్క భయపు గీత లేదు. ఈ గ్రాఫ్ చూసే సైన్యం ముప్పై వేల పట్టీలు తీసుకోబోతోంది. చివరి పరీక్షగా ఆవిడ ఇద్దరి చెమటా దూదితో తుడిచి యంత్రంలో పెట్టింది. తెర వంక చూసి కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ చూసింది.

"గ్రాఫుల్లో ఉన్నవి మీ చెమటలు కావు. అసలీ ఆరు నెలలూ బిళ్లలు ఎవరి ఒంటి మీద ఉన్నాయి?"

మేఘనాథ్ తల దించుకున్నాడు. "నాది దొరబాబు మెడ మీద."

"దొరబాబెవరు?" అంది హిమజ.

"గుర్రం. నా భయానికి నీ చెయ్యి వణుకుతదని..."

హిమజ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. నవ్వో ఏడుపో తెలియలేదు. "అంటే రోజూ పొద్దున ఏడున్నరకు వచ్చే హాయి?"

అతను లెక్క వేసుకున్నాడు. ఇక్కడ పది. "ఉలవలు పెట్టే టైము."

"నువ్వు నన్ను తలుచుకుంటున్నవనుకొని దండం పెట్టుకొని పనికి పోయేదాన్ని." ఆమె అతని చెయ్యి పట్టుకుంది. "నాది మిరియం కాలికి కట్టిన. మా శిబిరంల ముసలి కుక్క. కుక్కకు పాదం కిందనే చెమట పడుతదని నువ్వే కదా చెప్పినవు. నేను భయపడేది తెలిస్తే నువ్వు ఇక్కడ బతకవనుకున్న."

మేఘనాథ్‌కు వేపచెట్టు కింది బెంచీ గుర్తొచ్చింది. ఒంటిగంటన్నర. గిన్నె చప్పుడు విని గెంతే కుక్క. రోజూ జంతువులనే చూసే వైద్యుడై ఉండి, ఒకటి కాదు రెండు కాదు ఆరు నెలలు, తల దువ్వుకుని కూర్చుని మరీ కుక్క భోజనానందాన్ని భార్య ప్రేమనుకున్నాడు.

"మరి పాతర పేలిన దినం?" అన్నాడు.

"అది పేలినంక రెండోదాని దగ్గర మూడు గంటలు బోర్లా పడుకున్న. దాని కింద ఇంకోటి దాచిండ్రు. సచ్చిపోతననే అనుకున్న." ఆమె పట్టీని తడిమింది. "నువ్వు మాత్రం ఎంత నిమ్మళంగ ఉన్నవో. నువ్వే అట్లున్నవంటే నాకేం కాదని చెయ్యి కదల్చకుండ తీసిన."

ఆ మూడు గంటల్లో తను ఇడ్లీలు తిన్నాడు. అది తలుచుకునేసరికి అతనికి దుఃఖం ఆగలేదు. ఆమె ప్రాణం కాపాడింది తన అబద్ధమే. ఆమె చావు అంచున ఉన్నప్పుడు తోడు లేకుండా చేసిందీ ఆ అబద్ధమే. హిమజ ట్రే లోంచి కొత్త బిళ్లలు రెండు తీసి, ఒకటి అతని భుజానికి, ఒకటి తన భుజానికి అంటించింది. పావు సెకను. ఆరు నెలలు దాచుకున్న భయం అటునుంచి ఇటూ, ఇటునుంచి అటూ ఒకేసారి వచ్చి పడింది. ఇద్దరి చేతులూ వణికాయి. ఎవరూ బిళ్ల పీకేయలేదు.

"మళ్ల పోవాల్సి వస్తే దీన్ని నీ ఒంటి మీదనే ఉంచుకో" అన్నాడు మేఘనాథ్.

"నువ్వు గూడ. దొరబాబును తిననియ్యి పాపం."

డాక్టర్ యామిని తెర మీద పిచ్చిగా ఎగిరిపడుతున్న రెండు గీతలనూ చాలాసేపు చూసింది. తర్వాత తన మణికట్టు మీదికి చూపు తిప్పింది. అక్కడ నాలుగేళ్లుగా చెదరని ప్రశాంతత.

"డాక్టర్ గారూ" అంది మేఘనాథ్‌తో, గొంతు తగ్గించి. "ఆ కొండ మీద సామాన్లు మోయడానికి కంచరగాడిదలు ఉంటాయి. వాటికి చెమట పడుతుందా?"

మేఘనాథ్ హిమజ వంక చూశాడు. ఇకనుంచి అబద్ధం చెప్పలేననుకున్నాడు.

"బాగానే పడుతుందండీ."

ఆవిడ కుర్చీ లాక్కుని కూర్చుని లద్దాఖ్‌కు ఫోన్ కలిపింది.