ముందుగా పాడే గొంతు

ఆ స్టూడియో మేడమీద వెనకగదికి ఉన్న చెడ్డపేరు ఇంకే గదికీ లేదు. చీకటి పడితే అటు మెట్లెక్కే మగాడు లేడు.

గదిలో ఉన్నవి పాత టేపులే. ఎప్పుడో పోయిన ఓ పెద్ద గాయకుడి చివరి ఏళ్ళ కచేరీలు. ఏ టేపు వేసినా సరే... ఆయన గొంతెత్తేలోపే ఇంకెవరో ఆ లైను పాడేస్తారట. సన్నగా, ఊపిరంత. ఆ తర్వాతే ఆయన అందుకుంటాడట. వాచ్‌మన్ ఒక్కసారి విన్నాడు. అప్పట్నుంచి గేటు వదలడు — దొంగలు మేడెక్కితే వాళ్ళ ఖర్మ, నాకేం అంటాడు.

కత్తెరమ్మ మాత్రం నవ్వేది. బ్లేడుతో టేపులు కోసి అతకడంలో తలపండిన మనిషి, నోరూ అంతే పదును. దెయ్యానికి ఇంత సంగీతం వస్తే జీతమిచ్చి పెట్టుకుందాం, మీకంటే నయం అనేది. ఏళ్ళతరబడి చుట్టిపెట్టిన టేపులో ఒక పొర మీది పాట పక్క పొరకి అంటుకుంటుంది — తడిసిన రంగుబట్ట పక్కనున్న తెల్లబట్టకి అంటినట్టు. అందుకే లైనుకంటే ముందు దాని నీడ వినబడుతుంది. ఇంతోటి దానికి తాయెత్తులు దేనికని అందరి నోళ్ళూ మూయించింది.

ఒక వానరోజు, దీపాలు పెట్టే వేళ, ఆ గాయకుడి కొడుకు వచ్చాడు. నాన్నగారి ఆఖరి కచేరీని కంపెనీవాళ్ళు మళ్ళీ విడుదల చేస్తున్నారు, పొద్దున్నే టేపు పట్టుకెళ్తారు. ఈలోగా ఆ సన్నగొంతు పోవాలన్నాడు. కాపీ తీసి అందులో కోస్తానంటే వద్దన్నాడు. అసలు టేపే కొయ్యాలట.

అసలుది కోస్తే తల్లివేరు నరికినట్టే, మళ్ళీ మొలవదని కత్తెరమ్మ నచ్చజెప్పి చూసింది. టేపు వాళ్ళ సొత్తాయె. వినలేదు.

సరేనని హెడ్‌ఫోన్ పెట్టుకుంది. లైనుకీ లైనుకీ మధ్య తంబుర ఒక్కటే మోగే ఖాళీ. ఆ ఖాళీలో, సన్నగా —

ఆవిడ చెయ్యి ఆగిపోయింది.

నీడైతే అదే గొంతు కావాలి. ఇది మగగొంతు కాదు.

ఇన్నేళ్ళూ తీర్పు చెప్పిందే గాని, తనూ ఒక్కనాడు చెవిపెట్టి వినలేదు.

"ఎవరు బాబూ ఈవిడ?"

అతను కిటికీ వైపు తిరిగాడు.

"మా మేనత్త."

తర్వాత ఒక్కో ముక్కా రాలింది. జబ్బుపడి లేచాక నాన్నకి పాట గుర్తుండేది కాదు. వెనక తంబుర పట్టుకు కూర్చునే అక్కగారే ప్రతి లైనూ ఊపిరితో అందించేది. ఈ వయసులో ఏం జ్ఞాపకమని జనం ముక్కున వేలేసుకునేవాళ్ళు. ఆవిడ గొంతు విప్పితే తమ్ముణ్ణి మించిపోతుందని ఇంట్లో కూడా పాడనివ్వలేదు. అలాగే పోయింది.

"నాన్న పరువమ్మా," అన్నాడు మెల్లిగా.

"మోసిందావిడ, ఊరేగిందాయన. బావుంది మీ పరువు." కత్తెరమ్మ హెడ్‌ఫోన్ తీసింది. "ఆవిడ పాట ఇంకెక్కడైనా ఉందా?"

అతను తల అడ్డంగా ఊపాడు.

కత్తెరమ్మ బ్లేడు బల్లమీద పెట్టేసింది. అతను చెయ్యి చాచి దాన్ని అందుకోబోయాడు... చేతకాని చేతిలో పడితే ఉన్న పాట కూడా ముక్కలే. తిట్టుకుంటూ తనే తీసుకుంది.

కోసింది. ఒక్కో ఖాళీ కోసి, ఈ కొసా ఆ కొసా చేర్చి అతికింది. రాలిన ముక్కలన్నీ అతను ఏరుకుని చొక్కా జేబులో వేసుకున్నాడు. ఇంటికెళ్ళి కాల్చేస్తాడట. జేబు గుండీ కూడా పెట్టుకున్నాడు.

టేపు మొదటికి తిప్పి వేసింది.

మొదటి లైను వచ్చింది. వెంటనే రెండోది. మూడోది...

తర్వాత తంబుర.

ఒక్క తంబురే.

కత్తెరమ్మ మిషను మీదికి వంగింది. ఖాళీలన్నీ తన చేత్తోనే కోసింది కదా — మరి ఈ ఖాళీ ఎక్కణ్ణుంచి వచ్చింది?

చక్రాలు తిరుగుతూనే ఉన్నాయి. తంబుర మోగుతూనే ఉంది. స్పీకర్లో పెద్దాయన గొంతు సవరించుకున్నాడు. ఇందాక విన్నప్పుడు టేపులో ఆ సవరింపు లేదు. మళ్ళీ సవరించుకున్నాడు. ఆ తర్వాత, సంతలో తప్పిపోయిన పిల్లాడిలా...

"అక్కా... తర్వాతేంటి?"

లైను అందిద్దామని కొడుకు నోరు తెరిచాడు. అతనికీ రాదు. నేర్పాల్సిన మనిషిని నోరెత్తనిస్తే గదా.

"అక్కా..."

కత్తెరమ్మ మీట నొక్కేసింది. చక్రాలు ఆగాయి. తంబుర ఆగింది. వాన చప్పుడు తప్ప ఏమీ లేదు.

అప్పుడొచ్చింది జవాబు. ఊపిరితో కాదు, గుసగుసగా కాదు — గొంతు విప్పి, మేడంతా దద్దరిల్లేలా, కింద గేటు దగ్గర వాచ్‌మన్ లేచి నిలబడేలా.

కొడుకు రెండు చేతులతో చొక్కా జేబుని అదిమిపట్టాడు.

అదిమేకొద్దీ ఆ గొంతు పైకే పోయింది.