అమ్మ తలలో బుడగ

"తల కోయకుండా పనైపోతుంటే కోస్తానంటారేంటండీ?" అన్నాడతను, తెర మీద స్కాన్ చూపిస్తూ.

"అయిపోతుంటే నేనెందుకంటాను?" అంది ఆమె.

హాస్పిటల్లో అందరికీ ఆమె కత్తి డాక్టర్, అతను తీగ డాక్టర్. మెదడులో రక్తనాళం బలహీనపడి బుడగలా ఉబ్బితే, అది పగలకుండా ఆమె పుర్రె తెరిచి ఆ బుడగ మెడకి క్లిప్ పెడుతుంది. అతను తొడ దగ్గర నాళంలోంచి సన్నని గొట్టం పంపి, బుడగ నిండా తీగచుట్టలు నింపుతాడు. మీటింగుల్లో ఇద్దరికీ ఉప్పూ నిప్పే. ఈసారి మాత్రం స్కాన్ అతని తల్లిది.

ఆమె గొంతు తగ్గించింది. "బుడగ మెడ ఎంత వెడల్పుందో చూడండి. నాళం పెద్ద కొమ్మ అక్కడే చీలింది. మీ తీగ జారి అది మూసుకుపోతే, అమ్మగారికి మాట పడిపోవచ్చు."

"కోతలో మాత్రం ప్రమాదం లేదా?"

"ఉంది. కోలుకోడానికీ టైం పడుతుంది. కానీ క్లిప్ సరిగ్గా పడితే బుడగ మళ్లీ తలెత్తడం తక్కువ. వేరేవాళ్ల అమ్మైతే మీరేం చెప్పేవారు?"

వేరేవాళ్ల అమ్మైతే అతను తనే ఈమె దగ్గరికి పంపేవాడు.

సాయంత్రం వరండాలో ఎదురొచ్చాడు. "మీరే చెయ్యండి."

"నా చెయ్యి వణికితే?"

"మీకా? ఎందుకు?"

"మీ అమ్మగారు కాబట్టి," అనేసి ఆమె చరచరా వెళ్లిపోయింది. అతను గోడకి ఆనుకుని ఆ మాటే మళ్లీ మళ్లీ తలుచుకున్నాడు.

ఆపరేషన్ రోజు, డాక్టరై ఉండీ, మామూలు బంధువులా బయట బల్ల మీద కూర్చున్నాడు. ఆమె బయటికొచ్చేసరికి ముఖం మీద మాస్కు అచ్చు పడి ఉంది.

"క్లిప్ పడింది. కొమ్మల్లో రక్తం బాగా పారుతోంది. తర్వాత మీ గొట్టం పంపి, క్లిప్ ఎలా ఉందో మీరే చూసుకోండి."

అతనికి కళ్లనీళ్లాగలేదు. ఆమె పక్కనే కూర్చుంది.

రెండ్రోజులకి తల్లి తేరుకుంది. తలకి కట్టు, మొహం వాచి ఉంది. మాట ఎలా ఉందో చూడ్డానికి కత్తి డాక్టర్, మంచం పక్కనున్న అతన్ని చూపించి అడిగింది: "ఈయనెవరమ్మా?"

"మావాడే. ఇంటికొస్తే 'కత్తి డాక్టర్ ఇలా అంది, అలా అంది' అని ఒకటే గోల. మొదట్లో తిడుతున్నాడనుకున్నానమ్మాయ్."

"అమ్మా!"

"ఆగండి, ఆవిణ్ణి చెప్పనివ్వండి," అంది ఆమె. "లేకపోతే మీరే చెప్పండి."

అతను చెమట తుడుచుకున్నాడు. "మనం... పెళ్లి చేసుకుందామా?"

"నేను డ్యూటీలో ఉన్నాను," అంది ఆమె, నవ్వు దాచుకోడానికి కట్టు సరిచేస్తూ. "కుట్లు విప్పాక అడగండి."

తల్లి కళ్లు మెరిశాయి. "కుట్లు ఎప్పుడమ్మా విప్పేది?"