జెమూన్ గట్టు మీద నలభయ్యో రోజు

"ఇవాళ మధ్యాహ్నం నీ చెల్లెల్ని చంపబోతున్నారు," అంది దెసాంకా. "నలభయ్యో రోజు చావు భోజనాల దగ్గర."

వుకాషిన్ చేతిలో కాఫీ కప్పు కదల్లేదు. గూఢచారి శాఖలో ఇరవై రెండేళ్లుగా అతను నేర్చుకున్న గొప్ప విద్య అదే, ఏం విన్నా కప్పు కదలకుండా పట్టుకోవడం.

దెసాంకా బెల్‌గ్రేడ్ ఆఫీసుకి చీఫ్. విషయాన్ని నాన్చడం ఆవిడకు చేతకాదు.

"నీ బావ గ్వోజ్దెన్ శవం డాన్యూబ్‌లో తేలి నలభై రోజులైంది. అది పడవ ప్రమాదం కాదని నీకూ తెలుసు, నాకూ తెలుసు. మనలో ఎవరో విదేశీ ముఠాకి అమ్ముడుపోయారని కనిపెట్టాడు. ఆ పేరు చివరి ఫోన్లో పెళ్లానికి చెప్పాడు. మీ కొసారా ఏమో రేపు పొద్దున జడ్జి ముందు తప్ప నోరు విప్పనంటోంది."

"నాకూ చెప్పలేదు."

"ఎవర్నీ నమ్మొద్దన్నాడట. నిన్ను కూడా. ఇక విను. ముఠా ఒక హంతకుణ్ణి పంపింది. కోడ్ నేమ్ దర్జీ. మొహం ఎవరూ చూడలేదు. చుట్టాల్లో చుట్టంలా కలిసిపోతాడు."

"భోజనాలు ఆపేద్దాం."

"ఆపితే ఇంకో రోజు వస్తాడు. ఆ రోజు ఏదో మనకి తెలీదు."

అంటే కొసారా ఎర. ఆ మాట మాత్రం ఇద్దరూ పైకి అనలేదు.

"నా వేషం?"

"అన్న వేషం. ఈసారికి నువ్వు నువ్వుగానే వెళ్లు," అంటూ ఆవిడ ఒక పెన్ను ముందుకు తోసింది. "విషం తగిలితే మొన ఎర్రబడుతుంది."

"నలభై రెండు మంది చుట్టాలు. ప్రతి గ్లాసులోనూ ముంచమంటారా?"

"నీ చెల్లెలి గ్లాసులో ముంచు చాలు. టైమ్‌కి."

డిసెంబర్ ఉపవాసాల రోజులు. మాంసం లేదు, వెన్న లేదు, కాబట్టి జెమూన్ గట్టు మీద చేపల హోటళ్లన్నీ చావు భోజనాలతో నిండిపోయాయి. గ్వోజ్దెన్ పేరున వేసిన బల్లలు నీటి మీదికి పొడుచుకొచ్చిన చెక్క వసారాలో ఉన్నాయి. పలకల సందుల్లోంచి కింద నది కనిపిస్తోంది. పొగమంచులో అవతలి ఒడ్డు లేదు. రేవు మెట్ల దగ్గర ఒక మోటారు పడవ ఉంది. ఎవరూ ఎక్కడం లేదు, దిగడం లేదు, ఇంజను మాత్రం ఆగడం లేదు. వుకాషిన్‌కి ఆ చప్పుడు అస్సలు నచ్చలేదు.

"అమ్మయ్య, దొరగారికి తీరికైందా?" అంది కొసారా. నల్ల బట్టల్లో సగమైపోయింది. "నలభై రోజులకి గుర్తొచ్చానన్నమాట."

"కొసారా, నేను..."

"ఇప్పుడేం వద్దన్నయ్యా. ముందు గోధుమలు తిను."

పక్కనే పెర్సిదా పెద్దమ్మ కాపలా కాస్తోంది. ఎనభై రెండేళ్లు, చేతికర్ర, పదునైన నోరు. వచ్చినవాళ్లంతా ఉడికించిన తీపి గోధుమలు ఒక చెంచాడు నోట్లో వేసుకోవాలి. తాగేముందు పోయినవాడి ఆత్మకని ఒక చుక్క వైను నేల మీద వదలాలి. 'దేవుడు క్షమించుగాక' అనాలి. తప్పితే పెద్దమ్మ వదలదు.

ఇంతలో నల్ల వెల్వెట్ టోపీతో ఒక అందగత్తె వచ్చింది. వసారాలో మగవాళ్ల చెంచాలు ఒక్క క్షణం ఆగాయి, పాదిరిగారిదీ ఆగింది. ఆమె పేరు తియానా. ముఠాలో చేరి మనకోసం పని చేసే డబుల్ ఏజెంట్. కనీసం ఫైల్లో అలాగే రాసి ఉంది. కొసారాని కౌగిలించుకుని, "నేను లెపోసావాని, గ్వోజ్దెన్ ఆఫీసులో టైపిస్టుని," అని చెప్పుకుంది. తర్వాత వుకాషిన్ పక్కగా వెళ్తూ గొంతు తగ్గించింది.

"గడ్డం వాడు. కిటికీ దగ్గర."

కిటికీ దగ్గర నిజంగానే గడ్డం వాడొకడు చేప ముళ్లు ఏరుకుంటున్నాడు. వుకాషిన్ కళ్లు వాడి మీదే ఉండిపోయాయి. వాడు ముళ్లు ఏరాడు, పులుసు తాగాడు, ఇంకో గిన్నె అడిగాడు. పాపం, తిండి తప్ప వేరే ధ్యాస ఉన్నట్టు లేదు.

ఈ లోపు కొసారా పక్క కుర్చీలోకి బూడిద రంగు కోటు మనిషి ఒకడు చేరాడు. గ్వోజ్దెన్‌కి దూరపు తమ్ముడట, తూర్పు కొండల వైపు నుంచి వచ్చాడట. రాగానే మూడు ముద్దులు పెట్టాడు. చావింటి లెక్క ప్రకారం సరి సంఖ్యలో పూలు తెచ్చాడు. గోధుమలు తిన్నాడు, చుక్క వదిలాడు. పెద్దమ్మ మురిసిపోయి, "ఈ కాలంలోనూ ఇంత పద్ధతైన పిల్లలున్నారా!" అంది.

కొసారా గ్లాసు మాత్రం ఇందాకట్నుంచి నిండుగానే ఉంది. ఆమె ముట్టుకోవడం లేదు.

"కొంచెం తాగు వదినా, గుండె కుదుటపడుతుంది," అన్నాడతను. ఆమె గ్లాసు తనే అందించాడు. తన గ్లాసు ఎత్తి, ఆమె కళ్లలోకి చూసి, అంచుకి అంచు తాకించాడు.

టింగ్.

"జీవెలి!"

చల్లగా బతకండి అని. పెళ్లిలో అనే మాట, పురుట్లో అనే మాట. వసారా అంతా నోరు మూసుకుంది. గడ్డం వాడి చెంచా కూడా గాల్లో ఆగిపోయింది.

"ఓరి నీ మొహం మండా!" పెద్దమ్మ కర్ర నేలకి కొట్టింది. "చావు భోజనంలో గ్లాసులు కొడతావా? నిన్ను కన్నవాళ్లకి బుద్ధి లేదా?"

మా వైపు పుట్టినవాడు ఎంత తాగుబోతైనా, ఎంత దరిద్రుడైనా, ఆ పని మాత్రం చెయ్యడు. వుకాషిన్ రెండు కుర్చీలు తన్నేసి వెళ్లాడు. గొడవ ఆపాలని కొసారా గ్లాసు పెదాల దాకా ఎత్తింది. అది పెదవికి తగలబోతుండగా చెయ్యి పట్టేశాడు.

"పోనీ పెద్దమ్మా, తెలీక చేశాడు," అన్నాడు నవ్వుతూ. గ్లాసు బూడిద కోటు ముందు పెట్టాడు. "తప్పుకి పరిహారం ఉందిగా. విధవరాలి గ్లాసు తప్పు చేసిన చుట్టం తాగాలి. ఆచారం."

అలాంటి ఆచారం మా ఏడూళ్లలో లేదు. పెద్దమ్మ నోరు తెరిచింది, వుకాషిన్ మొహం చూసి మూసింది. అసలు చుట్టమైతే పగలబడి నవ్వేవాడు. ఇతనికి ఆ ఆచారం ఉందో లేదో తెలీదు. నుదుటి మీద చెమట పట్టింది.

"నాకు... డాక్టర్ వైను తాగొద్దన్నాడు."

అతని రెండో చేతిలో సగం తాగిన వైను గ్లాసు ఉంది.

మరుక్షణం దర్జీ రేవు మెట్ల వైపు ఉరికాడు. ఇందాకట్నుంచి అందరి ఒళ్లోనూ పులుసు ఒలకబోస్తున్న ఇద్దరు చేతకాని సర్వర్లు ట్రేలు కింద పడేసి, తమ అసలు పని మాత్రం చక్కగా చేశారు, దెసాంకా మనుషులు మరి. మెట్ల మీదే వాణ్ణి బోర్లా పడేసి కట్టేశారు. పడవ పొగమంచులో కలిసిపోయింది. వుకాషిన్ పెన్ను గ్లాసులో ముంచాడు. మొన రక్తంలా ఎర్రబడింది.

కొసారా ఆ మొనకేసి చూసింది.

"నన్ను చంపుతారని నీకు ముందే తెలుసా?"

"తెలుసు."

చెంప ఛెళ్లుమంది. కళ్లలో నీళ్లు మాత్రం అతనికే తిరిగాయి. "నువ్వు పోయుంటే నేనూ ఆ నదిలో దూకేవాణ్ణే," అన్నాడు. ఆమె కొట్టిన చేత్తోనే అతని కోటు పట్టుకుని, అలాగే నిలబడిపోయింది.

వుకాషిన్ చెల్లెలి తల మీదుగా టోపీ ఆవిడ వైపు చూశాడు. కోపం ఆగలేదు. "గడ్డం వాడన్నావేం తియానా?"

చేసిన పొరపాటు అన్నాక తెలిసింది. పబ్లిక్‌లో ఏజెంట్‌ని అసలు పేరుతో పిలవకూడదు. కోటు పట్టుకున్న వేళ్లు బిగుసుకున్నాయి.

"ఏమన్నావ్? తియానా?" కొసారా తల తిప్పి టోపీ ఆవిడకేసి చూసింది. "అన్నయ్యా, ఆయన ఫోన్లో చెప్పింది ఆ పేరే."

సర్వర్లు మెట్లు వదిలి ఆమెకి చెరో వైపునా వచ్చి నిలబడ్డారు. తియానా మెట్ల వైపు చూసింది, పడవ లేదు. నదిలోకి చూసింది, ఆ చలిలో దూకే నీళ్లు కావు. నిట్టూర్చి టోపీ తీసి బల్ల మీద పెట్టింది.

"ఆ వెధవకి అన్నీ నేర్పాను, గ్లాసు సంగతొక్కటి మర్చిపోయాను," అంటూ కుర్చీ లాక్కుని కూర్చుంది. "సరే, ఆ పులుసు ఇటు జరపండి. రేపట్నుంచి జైలు కూడేగా!"